140 కట్టలకు ఎన్ని ఆకులు?

నాతో పాటు హన్మకొండలో టీటీసీ చదివిన దోస్తు ఒకడు తొమ్మిదేళ్ళుగా తాడ్వాయి అడవిలో ఒక కోయ గూడెం బడికి ఒక్కడే సారు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఒక్కసారి వచ్చి చూడరాదురా" అంటాడు. నేనేమో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న మార్చిలో రెండు రోజులు సెలవు దొరికితే బండి తీశాను. గూడెం పేరు రాయను, వాడు వద్దన్నాడు. పేరు బయటికొస్తే చూసేటోళ్ళు ఎక్కువై ఫోటోలు దిగి పోతారట. (నేనూ దిగాననుకోండి.)

ములుగు, పస్రా దాటి తాడ్వాయి దాకా రోడ్డు హాయిగా ఉంది. అక్కడినుంచి లోపలికి మట్టిదారి. ఏటూరునాగారం అభయారణ్యం కదా, తారు పోయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, ఆ కథ ఎప్పటికీ తెగదు. రెండు వాగులు దాటాలి, మార్చి కాబట్టి రెండూ ఇసుకే. వానాకాలంలో ఎట్లా వస్తావురా అంటే చెప్పులు చేతిలో పట్టుకుని వస్తానన్నాడు.

ఒంటిపూట బడి, ఎనిమిదింటికే మొదలవుతుంది. నేను చేరేసరికి తొమ్మిదిన్నర. ఒకటే గది, ఒక వరండా, ఐదు తరగతులు, 23 మంది పిల్లలు. నేను వెళ్ళేసరికి సారు లోపల లేడు. వేపచెట్టు కింద కూర్చుని ఒక ముసలాయనతో మాట్లాడుతున్నాడు, చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు. మిగతావాళ్ళు గదిలో తలా ఒక పనిలో ఉన్నారు. అరుపులు లేవు, అట్లని నిశ్శబ్దమూ లేదు. నా క్లాసు అట్లుంటే మా ప్రిన్సిపాల్ అప్పుడే మెమో ఇచ్చేవాడు.

పిల్లలు తరగతుల వారీగా కూర్చోరు. ఎవరి దగ్గర ఏ కార్డు ఉంటే ఆ గుంపులో కూర్చుంటారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు ఒక్క టీచరుండే బడుల కోసం ఇట్లాంటి కార్డుల పద్ధతి తయారుచేశారు. ఒక కార్డు అయ్యాక ఇంకోటి, ఎవరి వేగం వాళ్ళది. మావాడు దాన్ని తీసుకుని బొమ్మలన్నీ మార్చేశాడు. రైలు, లిఫ్టు తీసేసి ఇప్పచెట్టు, అడవిపంది పెట్టాడు.

గోడమీద నీళ్ళకుండ బొమ్మ కింద "ఏర్" అని, దానికింద "నీళ్ళు" అని రాసి ఉంది. కోయలో నీళ్ళను ఏర్ అంటారు. మనకు ఏరంటే వాగు. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు కుండ చూపించి ఇదేంటి అంటే పిల్లలు ఏర్ అనేవారట, వీడేమో "తప్పు, నీళ్ళు" అనేవాడట. "మూడు నెలలు తప్పు, తప్పు అన్నరా. ఆళ్ళు నోరు మూసుకున్నరు. నాకేమో క్లాసు మంచిగ కంట్రోల్ల ఉన్నట్టనిపించింది," అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని 2020 విద్యా విధానంలో రాశారు, అది వాడూ చదివాడు, నేనూ చదివాను. వాడు కోయ నేర్చుకున్నది మాత్రం వంట చేసే అక్క దగ్గర. ఇప్పుడు పిల్లలే ఒక లాంగ్‌బుక్కులో తెలుగు లిపిలో కోయ మాటలు రాస్తున్నారు. ముసలాయనను పిలిపించింది అందుకే, చెట్ల పేర్లు చెప్పించుకోవడానికి.

లెక్కలు నా సబ్జెక్టు కదా అని ఐదో తరగతి పిల్లాడిని పరీక్షిద్దామని కూర్చున్నాను. వాడే నన్ను అడిగాడు. "సారూ, మా అమ్మ 140 కట్టలు కట్టింది. ఎన్ని ఆకులు?" బీడీలు చుట్టే తునికాకు కట్టకు 50 ఆకులని నాకు తెలుసు, మనసులో 14 ఐదుల దగ్గర ఉండగానే వాడు "సగం చేసి వంద పెట్టాలె, 7000" అనేశాడు. రెండు కట్టలకు వంద ఆకులు కదా! అంతటితో ఆగలేదు. "కల్లంల వందకు ఐదు కట్టలు ఉత్తగ పోతయ్. పైసలు 6650కే." కల్లేదారు, అంటే కల్లంలో ఆకు కట్టలు లెక్కపెట్టి తీసుకునేవాడు, ఎక్కువ తీసుకునే కట్టలు కూడా లెక్కలో ఉన్నాయన్నమాట. మా పిల్లలకు లాభనష్టాలు చెప్పడానికి నేను పెన్నులు, పండ్లు అమ్మిస్తాను. ఒక్కడు కూడా ఇట్లా కడుపుమంటతో లెక్క చేసింది చూడలేదు.

వరండాలో ఇంకో గుంపు ఇప్పపూలు తూస్తోంది. నాలుగు రోజుల కింద 2 కిలోల పచ్చిపూలు ఎండబోశారు, రోజూ తూచి గోడమీద రాస్తున్నారు. ఆ రోజుకు 600 గ్రాములు. మిగతా బరువు ఎక్కడికి పోయిందని ఒక చిన్నపిల్లను అడిగితే ఆకాశం వైపు చూపించింది. పక్కనున్నవాడు "కోళ్ళు గూడ తిన్నయ్" అన్నాడు.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. రాత బాగాలేదు. ఇంగ్లీషు దాదాపు లేదు. గురుకులం ఐదో తరగతి ఎంట్రన్సు ఎట్లా రాస్తారని అడిగితే మావాడు కొంచెం సేపు మాట్లాడలేదు. "రాసినోళ్ళున్నరు, పోయినోళ్ళున్నరు. జనవరి నుంచి నేను గూడ మోడల్ పేపర్లు పట్టుకుంటరా, ఏం జేస్త," అన్నాడు. వాడికి బదిలీ అయితే ఈ కార్డులు ఏమవుతాయో అని కూడా అడుగుదామనుకుని మానేశాను.

పన్నెండున్నరకు అన్నం, పప్పు, గుడ్డు. తిన్నాక తక్కెడ దగ్గర ఒక నున్నటి గులకరాయి కనిపించింది, మీద సుద్దతో 200 అని రాసి ఉంది. అసలు 200 గ్రాముల రాయి ఎక్కడో పోయిందట. పిల్లలు వాగులోంచి సంచెడు రాళ్ళు తెచ్చి ముందు 50కి సరితూగే రాయి వెతికారు. 100, 50, ఈ కొత్త 50 కలిపి ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో ఒక్కో రాయీ వేస్తూ 200ది పట్టుకున్నారు. మూడు రోజులు పట్టిందట. వరంగల్ నుంచి కొత్తది పంపిస్తానన్నాను. "తేకురా, తెస్తే ఆ గులకరాయి ముఖం ఎవడూ చూడడు," అన్నాడు.

అయినా ఆ తర్వాతి వారం వరంగల్ బీటు బజారుకు వెళ్ళినప్పుడు ఆగలేక ఒకటి కొన్నాను. ఇంకా నా బ్యాగులోనే ఉంది.