ఆ పీ గొడవ

పడుకుందామనుకున్నా కానీ ఆ నవ్వు చెవుల్లోంచి పోవట్లేదు. సాయంత్రం అమ్మ ఫోన్లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఉంది, నేను వంటింట్లో గోంగూర గిల్లుతున్నా. "రిసీప్ట్" అంది అమ్మ. పీ పలకరండీ అని చెప్పి ముందుకెళ్లొచ్చుగా టీచరమ్మ, మళ్లీ అనండి, మళ్లీ అనండి అంటూ అందరి ముందూ అనిపించింది. కంగారులో అమ్మ నోట ఆ పీ ఇంకా గట్టిగా పడుతోంది. మైకు ఆపుకోకుండా ఎవరో కిసుక్కున నవ్వారు. అరవై దాటిన మనిషి, డబ్బు కట్టి చేరింది నేర్చుకోవడానికే కదా!

అసలు అమ్మ తప్పేముంది? రాసింది రాసినట్టు చదవడం మనకి అఆలతో వచ్చిన అలవాటు. పైగా ఆ మాట ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో పీ లేదు, లాటిన్‌లో ఉంది కదా అని తర్వాత పండితులు తెచ్చి ఇరికించారు. డిసీట్ (మోసం), కన్సీట్ (గర్వం) కూడా ఆ కుటుంబంలోవే, వాటిని మాత్రం పీ పెట్టకుండా వదిలేశారు. అప్పుని డెట్ అంటారే, అందులో బీ, ఐలాండ్‌లో ఎస్ కూడా ఇలా లాటిన్ మోజులో దూరినవే.

ఐలాండ్ అంటే నాన్న గుర్తొచ్చారు. డ్యూటీ దిగొచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే వరండాలో ఇంగ్లీష్ పేపరు పైకి చదివేవారు, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, కూడబలుక్కుని. "ఇస్లాండ్" అనేవారు. నాన్నకి చెప్పేంత ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అన్నయ్య పెళ్లిమాటలప్పుడు అండమాన్ సంగతేదో వచ్చి అదే మాట అన్నారు, అటువైపు కుర్రాడొకడు "ఐలాండ్, అంకుల్!" అని పగలబడి నవ్వాడు. ఆ తర్వాత నాన్న పేపరు చదవడం మానలేదు, పైకి చదవడం మానేశారు.

ఇది రాస్తుంటే అనిపిస్తోంది, టీచరమ్మ మీద కోపంలో సగం ఆ కుర్రాడి మీదిదేనేమో. ఆవిడైతే నవ్వలేదు, వచ్చేదాకా వదల్లేదు, అంతే. నాన్నకి అలా చెప్పేవాళ్లే లేకపోయారు. నవ్విన మనిషి మీద మాత్రం కోపం అలాగే ఉంది.

అమ్మకి ఇవేమీ పట్టలేదు. జన్మంతా కరెంటు బిల్లు రశీదులు తీగకి గుచ్చి దాచిన మనిషి, డల్లాస్‌లో స్వెట్టర్ వెనక్కివ్వబోతే కౌంటర్లో పిల్ల ఏం అడుగుతోందో అర్థంకాక అలాగే తిరిగొచ్చేసింది. ఈసారి అన్నయ్య దగ్గరికెళ్తే తనే మాట్లాడుతుందట. అన్నం తింటూ కూడా రిసీట్, రిసీట్ అనుకుంది, పీ లేకుండా. రేపు వారాల పేర్లట. వెడ్నెస్‌డేలో మొదటి డీ పలకరమ్మా, కానీ అది ఎవరూ ఇరికించింది కాదు, వోడెన్ అనే దేవుడి పేరులోది, ఒకప్పుడు పలికిందే అన్నాను. "అయితే నేను పలికితే తప్పేంటే?" అని మొదలెట్టింది. టీచరమ్మనే అడగమన్నాను.