కెమెరా నెత్తిన రికార్డర్: గరగర ఎక్కడిదో తేల్చే పని

మొదటి అమరిక

మిర్రర్‌లెస్ కెమెరా, హాట్‌షూలో (పైన ఫ్లాష్ తగిలించే గాడిలో) చిన్న బాల్ హెడ్ (ఎటైనా తిప్పి బిగించే గుండు పట్టు), దాని మీద జూమ్ హెచ్1ఎన్ అనే చిన్న ఆడియో రికార్డర్. రికార్డర్‌కి పావు అంగుళం ట్రైపాడ్ మర ఉంది కాబట్టి ఐదు నిమిషాల్లో బిగిసిపోయింది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. స్క్రూ 5 మి.మీ. కన్నా లోపలికి పోకూడదు. అడుగు తగిలితే బిగిసినట్టే ఉంటుంది గానీ రికార్డర్ ఊగుతూనే ఉంటుంది, ఇంకా తిప్పితే ప్లాస్టిక్‌లోంచి మర ఊడొస్తుంది. మధ్యలో రబ్బరు వాషర్ వేస్తే సరి. ఇక బాల్ హెడ్ కాలు ఇనుపదైతే ఫ్లాష్ కాంటాక్టులకు తగలకుండా అడుగున ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించాలి.

రికార్డింగు వింటే మాట కన్నా కెమెరా ఎక్కువ మాట్లాడుతోంది. ఆటోఫోకస్ టిక్కుటిక్కు, జూమ్ రింగ్ గర్రు, గ్రిప్ మీద వేలు జరిగితే దబ్బు.

ఈ చప్పుడు గాలిలో వస్తోందా, లోహం గుండా వస్తోందా? తేల్చడం తేలిక. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, దాని మీద రికార్డర్‌ని కెమెరాకి తగలకుండా అంతే దూరంలో ఉంచి మళ్లీ రికార్డ్ చేయాలి. టిక్కుటిక్కు మిగిలింది, గర్రు, దబ్బు దాదాపు పోయాయి. అంటే ఆ రెండూ బాల్ హెడ్ గుండా పాకుతున్నవే. మిగిలిన టిక్కుటిక్కుకి మందు మాన్యువల్ ఫోకస్ ఒక్కటే.

రెండో అమరిక

ఈసారి రికార్డర్‌ని నేరుగా బిగించకుండా, పైపు ముక్కలో సాగే బ్యాండ్ల మధ్య వేలాడదీయాలి. 90 మి.మీ. పీవీసీ పైపులోంచి 60 మి.మీ. పొడవు ముక్క. 75 పైపు చాలదు: రికార్డర్ 50 మి.మీ. వెడల్పు, 32 మందం, మూల నుంచి మూలకి 60 దాకా వస్తుంది, కాస్త కదిలినా గోడకి కొట్టుకుంటుంది. రెండు అంచుల్లోనూ ఎనిమిదేసి గాట్లు కోసి, గుడ్డ చుట్టిన హెయిర్ బ్యాండ్లు అడ్డంగా రెండు, నిలువుగా రెండు లాగి, బయట ముడి వేయాలి. నడుమ వచ్చే గడి 40×22 మి.మీ. ఉంటే రికార్డర్‌ని పట్టుకుంటుంది. మామూలు రబ్బరు బ్యాండ్లు మన ఎండలకి ఒక్క వేసవిలో పెళుసెక్కి తెగుతాయి, వాటి జోలికి పోవద్దు.

బిగువు ఎంత? వేలితో నెడితే 5 మి.మీ. కదిలి మళ్లీ చోటుకి రావాలి. అంతకన్నా బిగిస్తే పైపూ రికార్డరూ ఒకే ముక్క అయిపోతాయి. వదులైతే కెమెరా తిప్పినప్పుడల్లా లోపల ఊగుతుంది.

ఇంత చేసినా దబ్బు సగమే తగ్గింది. దోషి కేబుల్. రికార్డర్ నుంచి కెమెరా మైక్ సాకెట్‌కి బిర్రుగా లాగిన లావాటి తీగ, బ్యాండ్లు ఆపిన అదురునంతా పక్కదారిన మోసుకొస్తోంది. సన్నటి మెత్తని తీగ వేసి, ఒక చుట్టు వదులుగా వదిలి, కెమెరా వైపు వెల్క్రోతో కట్టాక నిశ్శబ్దం. కెమెరా వైపు ఎల్ ఆకారపు పిన్ను ఉండాలి, లేకపోతే తిప్పే స్క్రీన్ దానికి అడ్డుపడుతుంది.

ఆ తీగతో ఇంకో తంటా. రికార్డర్ లైన్ అవుట్ (శబ్దం బయటికి పంపే సాకెట్) నుంచి వచ్చే సిగ్నల్ కెమెరా మైక్ సాకెట్‌కి చాలా ఎక్కువ, మాట పగిలిపోతుంది. కెమెరా లెవెల్ తగ్గించినా లాభం ఉండకపోవచ్చు, పగిలేది దానికి ముందే. మధ్యలో సిగ్నల్‌ని 25 డీబీ (డెసిబెల్) తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ కావాలి. శబ్దాన్ని తనంతట తానే హెచ్చించి తగ్గించే కెమెరా ఆటో లెవెల్ ఆపేసి, రికార్డర్‌లో మాట శిఖరాలు -12 డీబీ దగ్గర ఉండేలా చూసి, లో కట్ (అడుగు గుమ్ముని కోసేది) 80 హెర్ట్జ్, రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టాలి. ఫైలు గంటకి సుమారు 1 జీబీ.

ఇంట్లో వీడియో తీసేటప్పుడు కూడా రికార్డర్ మైకు మీది బొచ్చు తొడుగు ఊడదీయకూడదు. సీలింగ్ ఫ్యాన్ గాలికి ఉత్త స్పాంజి ఆగదు. వైడ్ లెన్సుతో ఆ బొచ్చు ఫ్రేములోకి దిగుతుంది, రికార్డర్‌ని రెండు వేళ్లు వెనక్కి జరపాలి.

ఇప్పుడున్న అమరిక

గరగర పోయింది, గది మోత మాత్రం అలాగే ఉంది. దానికి ఏ మౌంటూ పనికిరాదు. మైకు నోటికి 3 మీటర్ల నుంచి 30 సెం.మీ.కి వస్తే మాట 20 డీబీ పెరుగుతుంది, గది మోత పెరగదు. అందుకే ఇంటర్వ్యూలకి రికార్డర్ కెమెరా దిగి, కాలర్ మైకుతో మాట్లాడేవారి జేబులోకి వెళ్తోంది. ఫోన్ కోసం చేసిన నాలుగు భాగాల పిన్ను మైకైతే, దాన్ని మూడు భాగాలకి మార్చే అడాప్టర్ తప్పనిసరి. కెమెరా మీద దాని సొంత మైకే చాలు, అది వీడియోకి రికార్డర్ ఆడియోని జత కలపడానికి మాత్రమే.

రెండు యంత్రాల గడియారాలు ఒకలా నడవవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు, అంటే 25 ఫ్రేముల వీడియోలో దాదాపు రెండు ఫ్రేములు. పెదవి ఒకటి, మాట ఒకటి అవుతుంది. అందుకని మొదట ఒక చప్పట, ఆపేముందు ఇంకో చప్పట. ఎడిటింగ్‌లో రెండూ కలిసేలా ఆడియో వేగాన్ని ఆ కాస్త సాగదీస్తే చాలు.