ఉప్పలపాడులో పక్షుల లెక్క: నా అనుభవం

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువు దగ్గర ఎవరిని కదిలించినా ఒకటే మాట, "ఒకప్పుడు ఇంతకన్నా ఎక్కువ పక్షులు వచ్చేవి" అని. ఎంత ఎక్కువ అంటే మాత్రం ఎవరి లెక్క వాళ్లది. ఆ మాట పదేపదే విన్నాక నేను ఫొటోలు తగ్గించి లెక్క రాయడం మొదలుపెట్టాను. ఏ ఏడు ఎన్ని వచ్చాయో, ఎన్ని గూళ్లు కట్టాయో ఎక్కడా రాసి లేకపోతే, రేపు అవి సగానికి పడిపోయినా మనం నిరూపించలేం.

గుంటూరు వాళ్లకు ఈ ఊరి గురించి చెప్పక్కర్లేదు. ఇళ్లను ఆనుకునే చెరువులు, మధ్యలో దిబ్బల మీద సర్కారు తుమ్మ చెట్లు. చలికాలం వస్తే ఆ ముళ్ల కొమ్మల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు. గాలి ఇటు తిరిగితే రెట్టల వాసన గుప్పున కొడుతుంది. కాసేపటికి అలవాటైపోతుంది.

లెక్క రాయడానికి ఈబర్డ్ యాప్ పెట్టుకున్నాను. అమెరికాలో 2002లో మొదలైన ఉచిత వేదిక ఇది, మన దేశంలోనూ బాగా వాడుతున్నారు. ఎక్కడ చూశాం, ఎన్నింటికి మొదలుపెట్టాం, ఎంతసేపు, ఎంత దూరం నడిచాం, ఏ పిట్ట ఎన్ని అన్నది నింపాలి. చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. కాకి, గోరింక కూడా రాస్తేనే దానికి అవును అనాలి. చాలామంది కాకిని వదిలేస్తారు, నాకు అది అస్సలు నచ్చదు. కాకి పేరు లేకపోతే, అక్కడ కాకులే లేవో, చూసినవాళ్లు పట్టించుకోలేదో తర్వాతివాళ్లకు ఎలా తెలుస్తుంది?

అసలు కష్టమంతా గుంపు దగ్గరే. ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ పదీ చెట్టు మీద ఎంత మేర కూర్చున్నాయో కంటికి ఆనించుకుని, అంతంత మేర చొప్పున చెట్టంతా చూసుకుంటూ పోవాలి. నేను బైనాక్యులర్స్‌తో అదే పనిలో ఉంటే, గట్టు మీదికి గేదెలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన ఆగి చూశాడు. "పొద్దెక్కాక లెక్కేందమ్మాయ్, సగం మేతకి పోయినయ్యి. గూటికొకటే కాపలా ఉంది. గూళ్లు లెక్కపెట్టుకో" అన్నాడు. నిజమే. తల్లీతండ్రీ వంతులవారీగా మేతకు పోతాయి. గూళ్ల లెక్క తీస్తే ఎన్ని జంటలున్నాయో తెలుస్తుంది. అప్పటి నుంచి పక్షుల లెక్క, గూళ్ల లెక్క విడివిడిగా రాస్తున్నాను.

గూళ్ల మీద చూపు నిలిపితే ఇంకేవేవో కనపడతాయి. మధ్యాహ్నం ఎండలో ఒక ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి, రెండు రెక్కలూ సగం విప్పి, వీపు ఎండకు పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ నీడలో దాని పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. పక్క కొమ్మ మీద గూడబాతు పిల్ల తలకాయంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి తింటోంది.

జాబితా పంపిన కొన్నాళ్లకు ఈబర్డ్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. గూడబాతుల సంఖ్య మామూలుకన్నా ఎక్కువగా ఉంది, ఎలా లెక్కపెట్టారో వివరిస్తారా అని. చదవగానే కాస్త టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, అసాధారణంగా కనిపించే ప్రతి సంఖ్యనూ అనుభవం ఉన్న వాలంటీర్లు ఇలాగే అడుగుతారట. ఏ గట్టున నిలబడ్డానో, పదుల లెక్క ఎలా కట్టానో రాసి, చెట్ల ఫొటోలు జతచేశాను. ఒప్పుకున్నారు. ఇలా అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ లెక్కల మీద నాకు నమ్మకం పెరిగింది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తున్నది కూడా ఇలాంటి వాలంటీర్ల మీదే.

జనవరిలోనే సంక్రాంతి. గాలిపటాల నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, పండగ వెళ్లాక దారి పక్క చెట్లకు వేలాడుతూనే ఉంటుంది. మేం కొందరం సంచులు పట్టుకుని ఏరుతాం. చేతికి అందిన కొమ్మల వరకే, గూళ్లున్న చెట్ల జోలికి పోం. మనుషులు దగ్గరికి వెళితే పెద్దవి లేచిపోతాయి, గుడ్లూ పిల్లలూ ఎండకు, కాకులకు దొరికిపోతాయి. ఆ దారం లాగితే తెగదు, చాకుతో కోయాల్సిందే. రెక్కకు చుట్టుకుంటే పిట్ట ఏం చేస్తుంది?

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఉప్పలపాడు దాకా రానక్కర్లేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు చూస్తే చాలు, మీ డాబా మీదైనా సరే. కాకిని మాత్రం వదలకండి.