అటక మీద రకూన్ కూనలు: తల్లికి దారివ్వండి

ఏప్రిల్, మే నెలల్లో అమెరికాలోని మన ఇళ్ళ అటకల మీద పిట్టల కిచకిచలా, పిల్లికూనల ఏడుపులా చప్పుడు వినిపిస్తే అవి రకూన్ (కళ్ళ చుట్టూ నల్ల పట్టీ ఉండే, పిల్లికంటే కాస్త పెద్ద అడవి జంతువు) పిల్లలు కావచ్చు. ఇండియా నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చేదీ ఆ రోజుల్లోనే. "పాపం, కాసిని పాలు పొయ్యండి" అంటారు పెద్దవాళ్ళు. పెంచుకుందామంటారు పిల్లలు. రెండూ వద్దు. ఆవుపాలకు వాటికి విరేచనాలు పట్టుకుంటాయి. ఉత్త చేత్తో ముట్టుకున్నా, అది కరిచినా రేబీస్ అనుమానం వస్తుంది. రేబీస్ పరీక్షకు కూన మెదడు కావాలి, అంటే దాన్ని చంపాలి. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి, చెయ్యి పెట్టరు.

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని అమ్మమ్మకు తెలుసు. ఆ మాట ఆవిడచేతే మనవలకు చెప్పించండి, ఎందుకంటే రకూన్ తల్లిదీ అదే పద్ధతి. చుట్టుపక్కల దానికి వేరే గూళ్ళుంటాయి. ఇక్కడ నెమ్మది లేదనిపిస్తే ఒక్కో కూననూ నోట కరుచుకుని తరలిస్తుంది. అటకమీద రాత్రింబవళ్ళు లైటు వెలగనివ్వండి, మాటలొచ్చే రేడియో పెట్టండి, అది దూరే కంత దగ్గర వినెగర్‌లో తడిపిన గుడ్డ ఉంచండి. అమోనియా వద్దు, ఆ ఘాటుకు కదల్లేని కూనలు ఊపిరాడక అల్లాడతాయి. కొన్ని రాత్రులు ఓపిక పట్టాలి. బోను పెట్టి తల్లిని ఎక్కడో వదిలేస్తే కూనలు ఆకలితో చస్తాయి. చాలా రాష్ట్రాల్లో అది నేరం కూడా.

కూన కింద పడి ఉంటే మందపాటి తోలు గ్లవ్స్ తొడుక్కుని అట్టపెట్టెలో పెట్టండి. పక్కన తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా ఉంచండి. మూత తల్లి తోసుకునేంత వదులుగా ఉండాలి. పొద్దుగూకే వేళ పెట్టెను కంత కిందే ఉంచి, కుక్కనూ పిల్లల్నీ లోపలికి పిలవండి. తెల్లారేదాకా తల్లి రాకపోయినా, గాయం కనిపించినా లైసెన్సున్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చెయ్యాలి. యానిమల్ హెల్ప్ నౌ సైట్‌లో దగ్గరివాళ్ళు దొరుకుతారు.

కంత మూసే తొందరలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ముందు నలిపిన పేపరు కుక్కండి. 3 రాత్రులు అది కదలకుండా, లోపల చప్పుడు లేకుండా ఉంటేనే అర అంగుళం గళ్ళ ఇనుప జాలీ స్క్రూలతో బిగించండి.

రకూన్ పెంట విషయంలో మాత్రం భయపడాల్సిందే. అందులోని ఏలికపాముల గుడ్లు 2 నుంచి 4 వారాల్లో సోకే దశకు వస్తాయి, వాటిలోంచి వచ్చే పురుగులు మట్టి నోట్లో పెట్టుకునే పసివాళ్ళ మెదడుదాకా వెళ్ళగలవు. ఆ గుడ్లు బ్లీచ్‌కు చావవు. గ్లవ్స్, మాస్కు వేసుకుని తడిపి ఎత్తెయ్యండి, డెక్ మీదైతే సలసల మరిగే నీళ్ళు పొయ్యండి. కాకికని పెట్టే అన్నం ముద్ద కూడా రకూన్లను పిలుస్తుంది. చీకటి పడకముందే తీసెయ్యండి, పిల్లల ఇసుక తొట్టికి మూత వెయ్యండి.