ఆ టేబుల్ గొడవ

స్కూల్లో ఆన్ ఫ్రాంక్ డైరీ చదివినప్పుడు ఆ పళ్ల డాక్టరంటే ఒళ్లు మంట నాకు. నాజీలకి దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న 8 మంది యూదుల్లో ఆఖరున, 1942 నవంబరులో వచ్చాడు. ఆన్ గదిలోనే పడక. చదువుకోడానికి వారానికి రెండు మధ్యాహ్నాలు, గంటన్నర చొప్పున టేబుల్ ఇవ్వమని ఆన్ అడిగితే కుదరదన్నాడు! వాళ్ల నాన్న కల్పించుకుంటే గానీ దిగిరాలేదు. ఆ పిల్లా తక్కువది కాదులెండి, డైరీలో ఆయనకి పెట్టిన పేరు డుస్సెల్. జర్మన్‌లో మొద్దు అని.

నిన్న రాత్రి మళ్లీ తీశాను. ఆయనలాగే నాకూ యాభై దాటాయి. కొడుకుని ఇంగ్లండ్ పంపేశాడాయన. పెళ్లాడాలనుకున్న మనిషి అదే ఊళ్లో ఉన్నా కలిసే దారి లేదు. 1944 డిసెంబరులో నోయెన్‌గామె అనే నాజీ నిర్బంధ క్యాంపులో పోయాడు.

లాక్‌డౌన్‌లో డైనింగ్ టేబుల్ కోసం మా అమ్మాయితో నేను ఎన్నిసార్లు గొడవపడ్డానో మా ఆవిడనడిగితే చెప్తుంది.