మామ్మ మొక్కు

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం సింహాచలం కొండ దిగువన అడవివరంలో, మెట్లదారి మొదలయ్యే తొలి పావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి గిరిప్రదక్షిణ మొదలుపెట్టినప్పుడు నా చేతి సంచిలో మామ్మ కట్టిన ముడుపు, ఒక నీళ్ల సీసా తప్ప మరేమీ లేవు. మూడేళ్ల క్రితం నా కొడుకు నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, సాలూరులో తన ఇంటి అరుగు మీద కూర్చుని రూపాయి బిళ్లలు పసుపు గుడ్డలో మూటగట్టి, బిడ్డ క్షేమంగా ఇల్లు చేరితే సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ నడుస్తానని ఆమె మొక్కుకుంది. బిడ్డ ఇల్లు చేరాడు. ఆమె మోకాళ్లు మాత్రం సహకరించలేదు. పోయిన కార్తీకంలో ఆమే వెళ్లిపోయింది.

చిన్న వయసులోనే తాతయ్యను పోగొట్టుకున్న మామ్మ అడ్డాకుల విస్తళ్లు కుట్టి మా నాన్నగారిని చదివించింది. ఆకు మీద ఆకు పేర్చి, సన్నని పుల్లను గుచ్చి, మిగిలిన కొసను గోటితో టక్కున విరిచేది. ఆ చప్పుడు వింటూనే మేము నిద్రపోయేవాళ్లం. వంద విస్తళ్ల కట్టలో ఎప్పుడూ నూటొకటి పెట్టేది. ఒకటి చిరిగినా కొన్నవాడికి లెక్క తగ్గకూడదని ఆమె పట్టుదల. దేవుడి బాకీ విషయంలోనూ అంతే. అందుకే చివరి రోజుల్లో ఆమెను బాధపెట్టింది జబ్బు కాదు, తీరని ఈ మొక్కు.

దారి 32 కిలోమీటర్లు. హనుమంతవాక దాటి అప్పుఘర్ వద్ద సముద్ర స్నానం చేసే వరకు కాళ్లు బాగానే నడిచాయి. జనమే నడవనివ్వలేదు. తాగిన ప్లాస్టిక్ గ్లాసులను వెనక వచ్చేవారి పాదాల కిందే పారేస్తూ, గోవింద నామం వినపడనంతగా స్పీకర్లు మోగిస్తూ సాగే కుర్రకారును చూసి, ఇది ప్రదక్షిణో ఊరేగింపో తెలియక చిరాకు పడ్డాను. మాధవధార చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అరికాళ్లు బొబ్బలెక్కి అడుగు పడలేదు.

ఒక ఇంటి గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ నన్ను పిలిచి, నేను వద్దంటున్నా వినకుండా నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, పసుపు కలిపిన కొబ్బరినూనె రాసింది. పుల్ల విరిచిన చేతుల్లాగే ఆ చేతులూ గరుకుగా ఉన్నాయి. "ఎవురి మొక్కు తల్లీ?" అని అడిగింది. మా మామ్మదని చెప్పగానే నూనె గిన్నె పక్కన పెట్టి, "అయితే కూకోకు, లెగు. ముసిలోళ్ల మొక్కు ఆలస్యం సేయకూడదు" అంది. లేచాను.

గోపాలపట్నం మీదుగా తెల్లవారుజామున సింహాచలం చేరాను. స్వామికి నాలుగో విడత చందనం సమర్పించే ఆషాఢ పౌర్ణమి అది. క్యూలో గంటల తరబడి తోపులాట, వెనుక నుంచి "నడవండి, నడవండి" అన్న కేకలు, ఆ తరువాత దీపపు వెలుగులో లింగాకారంగా, పచ్చని చందనపు ముద్దగా అప్పన్న. రెండు క్షణాలు కూడా కాలేదు. నా కోసం ఏదీ అడగడం గుర్తు రాలేదు. భక్తులు కోరికలు చెప్పుకునే గుడిలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకునే వీలు ఆ రద్దీలో లేకపోయింది. దూరం నుంచే దండం పెట్టి, ముడుపును హుండీలో వేశాను.

కొండ దిగాక నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "విప్పి చూడలేదు కదా?" అని మాత్రం అడిగారు.

లేదన్నాను.