ముందు మెథడ్స్ రాద్దాం

ఈస్ట్ కణాలకు నత్రజని దొరక్కపోతే తమలోని భాగాలనే కొంచెం కొంచెంగా జీర్ణం చేసుకుని బతుకుతాయి. దీన్నే ఆటోఫజీ అంటారు. ఈస్ట్‌లో దీని గుట్టు విప్పినందుకే యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఒక ప్రోటీన్ లేకపోతే ఈ పని ఎందుకు ఆలస్యమవుతుందన్నది మా ల్యాబ్‌లో మేం పట్టుకున్న ప్రశ్న. ప్రయోగాలు ఒక కొలిక్కి వచ్చాయి. ఇప్పుడు పేపర్ రాసి జర్నల్‌కి పంపే పనిలో పడ్డాం. ఫస్ట్ ఆథర్ నాతో పనిచేసే పీహెచ్‌డీ అమ్మాయి, తనకిది మొదటి పేపర్. ఎక్కడ మొదలుపెట్టమంటారు అక్కా అని అడిగితే, మెథడ్స్ దగ్గర అన్నాను, అంటే ప్రయోగం ఎలా చేశామో చెప్పే భాగం.

తను ఇంట్రడక్షన్ అంటాననుకుంది. మామూలుగా మెథడ్స్ పని అందరికీ చివర్లోనే గుర్తొస్తుంది. ల్యాబ్ పాత పేపర్‌లోంచి నాలుగు పేరాలు తెచ్చి, తేదీలూ పేర్లూ మార్చి అయిపోయిందనిపిస్తారు. నా దృష్టిలో మాత్రం పేపర్ మొత్తంలో ఎక్కువ కాలం పనికొచ్చే భాగం అదే. డిస్కషన్‌లో మనం చెప్పిన వివరణ రేపు ఇంకెవరో కొత్త డేటాతో మార్చేయవచ్చు. ప్రయోగం ఎలా చేశామో సరిగ్గా రాసి ఉంటే, ఎవరైనా దాన్ని మళ్లీ చేసి మన మాట నిజమో కాదో తేల్చుకోగలరు.

ఈ పట్టుదలకు కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఈస్ట్ కణాల్లోంచి వాక్యూల్స్‌ని (కణం తన భాగాలను జీర్ణం చేసుకునే సంచుల్ని) వేరుచేయాల్సి వచ్చి, అచ్చయిన ఒక పేపర్‌ని నమ్ముకున్నాను. అందులో “ఇంతకుముందు వివరించిన పద్ధతిలో చేశాం” అని ఒక రిఫరెన్స్ ఇచ్చారు. ఆ పేపర్ తీస్తే అక్కడా అదే వాక్యం, ఇంకా పాత రిఫరెన్స్. దాన్నీ సంపాదించి చదివితే అందులో బఫర్ వేరు, కణాలు పెంచిన తీరు వేరు. సెంట్రిఫ్యూజ్ దగ్గర “3000 ఆర్‌పీఎం” (నిమిషానికి 3000 చుట్లు) అని మాత్రం ఉంది, గొట్టాలు పట్టుకుని తిరిగే రోటర్ ఏదో లేదు. రోటర్ వ్యాసార్థం 8 సెంటీమీటర్లయితే ఆ వేగం దగ్గర కణాల మీద పడే బలం దాదాపు 800 జీ, అంటే భూమి ఆకర్షణకు 800 రెట్లు. అదే 16 సెంటీమీటర్లయితే 1600 జీ. ఆర్‌పీఎం ఒకటే, బలం రెట్టింపు. సున్నితమైన వాక్యూల్స్ విషయంలో ఇది చిన్న తేడా కాదు. ఒక్క అక్షరం, ఒక్క అంకె సరిగా రాసి ఉంటే ఎన్నో వారాల పని మిగిలేది. అందుకే మా పేపర్‌లో ఎక్కడా ఆర్‌పీఎం ఒంటరిగా కనపడదు. జీ విలువ, ఎంతసేపు, ఏ ఉష్ణోగ్రత, మూడూ ఉంటాయి.

మెథడ్స్ మొదటి డ్రాఫ్ట్ అవగానే దాన్ని పక్క బెంచి అబ్బాయికి ఇచ్చాం. తనకు మా ప్రాజెక్ట్ గురించి పెద్దగా తెలియదు, సరిగ్గా అలాంటివాళ్లే కావాలి. “రేపు పొద్దున నువ్వు ఈ ప్రయోగం చేయాలి, ఎక్కడ ఆగిపోతావో గీత గీయి” అన్నాం. కాగితం నిండా గీతలతో తిరిగొచ్చింది. 30 డిగ్రీల దగ్గర షేకర్‌లో పెంచామన్నారు సరే, ఎంత ఫ్లాస్క్‌లో ఎంత కల్చర్? గాలి అందడం దాన్నిబట్టే కదా. నత్రజని లేని మీడియంలోకి మార్చే ముందు కణాలను కడిగారా, ఎన్నిసార్లు, నీళ్లతోనా ఆ మీడియంతోనేనా? పాత మీడియం కొంచెం మిగిలినా ఆకలి ఆలస్యంగా మొదలవుతుంది, మేం కొలిచేదే ఆలస్యం! 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 0.8 అని రాశారు, ఏ యంత్రం మీద? ఒకే కల్చర్‌కి వేర్వేరు స్పెక్ట్రోఫోటోమీటర్లు వేర్వేరు అంకెలు చూపిస్తాయి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు మా నోట్‌బుక్కుల్లో ఉన్నాయి. నోట్‌బుక్కులోంచి పేపర్‌లోకి రావాలంతే.

“ఇదంతా రాస్తే వర్డ్ లిమిట్ దాటదా అక్కా?” అంది తను. చాలా జర్నళ్లు మెథడ్స్‌ని ఆ లెక్కలో కలపవు. కలిపినా సప్లిమెంటరీ ఫైల్ ఉంది. ప్రోటోకాల్స్ డాట్ ఐఓ లాంటి చోట మొత్తం ప్రోటోకాల్ పెట్టి దాని డీఓఐ (శాశ్వత గుర్తింపు లింక్) ఇవ్వొచ్చు. యాంటీబాడీ విషయంలో కంపెనీ పేరుతో సరిపెట్టకుండా క్యాటలాగ్ నంబర్, ఎంత పల్చన చేశామో, ఆర్‌ఆర్‌ఐడీ (ప్రయోగ సామగ్రికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే అదీ రాశాం. స్ట్రెయిన్‌లకు వేరే పట్టిక పెట్టి ప్రతిదాని జీనోటైప్ (అందులో ఏ జన్యువులు ఎలా ఉన్నాయో) పూర్తిగా ఇచ్చాం. మనిషి కణాలతో పనిచేసేవాళ్లయితే సెల్ లైన్ అసలైనదేనని ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ అనే డీఎన్‌ఏ పరీక్షతో చూసుకున్నామని, కల్చర్లలో దూరే మైకోప్లాస్మా బ్యాక్టీరియా లేదని పరీక్ష చేశామని చెప్పాలి. ఎలుకలూ చేపలూ అయితే జంతు ప్రయోగాలను ఎలా రాయాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాలు పక్కన పెట్టుకుని రాయడం మంచిది.

మేం ఎక్కువసేపు వాదించుకున్నది ‘ఎన్’ గురించి, అంటే ప్రయోగాన్ని విడివిడిగా ఎన్నిసార్లు చేసినట్టు లెక్క అన్నదాని గురించి. మైక్రోస్కోప్ కింద ఒకే కల్చర్‌లోని 200 కణాలు లెక్కపెట్టాం కాబట్టి ఎన్ 200 అని రాయవచ్చా? రాయకూడదు. ఆ 200 కణాలూ ఒకే ఫ్లాస్క్‌లో, ఒకే రోజు, ఒకే మీడియం తిని పెరిగాయి. ఆ ఫ్లాస్క్‌లో ఏదైనా తేడా ఉంటే 200 కణాల్లోనూ ఉంటుంది. వేర్వేరు కాలనీల నుంచి వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టిన కల్చర్లు మూడు ఉంటే ఎన్ 3. ఒక్కో దాంట్లో ఎన్ని కణాలు చూశామో విడిగా చెప్పాలి. ఒకే లైసేట్‌ని (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) జెల్‌లో మూడుసార్లు లోడ్ చేస్తే తెలిసేది మన పిపెట్టింగ్ ఎంత నిలకడగా ఉందో అంతవరకే. ఎర్రర్ బార్ సంగతీ ఇలాంటిదే. స్టాండర్డ్ డీవియేషన్, స్టాండర్డ్ ఎర్రర్ వేర్వేరు విషయాలు చెబుతాయి, మొదటిది కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో, రెండోది సగటు ఎంత కచ్చితమో. బార్ పొట్టిగా కనిపిస్తుందని రెండోది ఎంచుకోవడం నాకు నచ్చదు. మూడే పాయింట్లు ఉన్నప్పుడు ఆ మూడు చుక్కలూ గ్రాఫ్ మీద పెట్టేస్తే చదివేవాళ్లకు దాచినదేమీ ఉండదు. మేం అలాగే చేశాం.

ఫిగర్ల క్రమం నేల మీద ప్రింట్లు పరిచి తేల్చుకున్నాం. ఒక్కో ఫిగర్ ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయాలి, ఆ వాక్యాలు వరసగా చదివితే కథ నడవాలి. రెండు ఫిగర్లు ఒకే వాక్యం చెబుతుంటే ఒకటి సప్లిమెంటరీకి పోతుంది. లెజెండ్ (ఫిగర్ కింది వివరణ) మెయిన్ టెక్స్ట్ చదవకపోయినా అర్థమవ్వాలి. మైక్రోస్కోప్ చిత్రం మీద “60 రెట్లు” అని రాస్తే ఉపయోగం లేదు, పేజీలో చిత్రం చిన్నదైతే ఆ మాట అబద్ధమవుతుంది. స్కేల్ బార్ చిత్రంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. రంగులు ఎరుపు-ఆకుపచ్చ తీసేసి మెజెంటా-ఆకుపచ్చ పెట్టాం. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని పురుషులు తక్కువేం కాదు, ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మంది.

ఇక బ్లాట్లు. మా వాదన చాలావరకు ఒక వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించిన చిత్రం) మీద నిలబడింది. జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) తగిలించిన, ఆటోఫజీలో పనిచేసే ఏటీజీ8 ప్రోటీన్ వాక్యూల్‌కి చేరితే ఏటీజీ8 కరిగిపోతుంది, గట్టిదైన జీఎఫ్‌పీ మిగిలి విడి బ్యాండ్‌గా కనిపిస్తుంది. ఆ బ్యాండ్ ఎప్పుడు వచ్చిందన్నదే మా ఫలితం. కాబట్టి కాంట్రాస్ట్ మారిస్తే మొత్తం చిత్రానికి ఒకేలా మార్చాం. లేన్లు (ఒక్కో నమూనా నడిచిన వరసలు) కలిపిన చోట గీత కనిపించేలా ఉంచాం. కత్తిరించని అసలు బ్లాట్లన్నీ సప్లిమెంటరీలో పెట్టాం. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచే అచ్చుకు ముందు చిత్రాలను పరీక్షిస్తోంది. 2016లో ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 40 జర్నళ్లలోని 20,621 పేపర్లు తిరగేస్తే 3.8 శాతం పేపర్లలో అనుమానించాల్సిన చిత్రాలు కనిపించాయి. అసలు ఫైళ్లు మొదటి రోజు నుంచి ఒకచోట ఉంచుకుంటే ఎవరు ఎప్పుడు అడిగినా ఇవ్వొచ్చు.

సప్లిమెంటరీ పట్టికల్ని ఎక్సెల్‌లో తెరిచేవాళ్లకు ఒక మాట. అది కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు ఇచ్చిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఈ పొరపాటు ఉందని 2016లో జీనోమ్ బయాలజీలో వచ్చింది. 2020లో మనుషుల జన్యువుల పేర్లు చూసే కమిటీ కొత్త మార్గదర్శకాలిచ్చేనాటికి మార్చ్1 అనే జన్యువు పేరు మార్చ్‌ఎఫ్1 అయిపోయింది. ఈస్ట్‌లో ఓసీటీ1 జన్యువు పేరు ఇప్పటికీ అలాగే ఉంది, తెరవగానే అక్టోబర్ 1 అయి కూర్చుంటుంది. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

మెథడ్స్, ఫిగర్లు కుదిరాక రిజల్ట్స్ తేలిగ్గానే వచ్చింది. డిస్కషన్‌లో మా డేటా ఏది చెప్పలేదో కూడా రాశాం. ఇంట్రడక్షన్ చిన్నది. అబ్‌స్ట్రాక్ట్, టైటిల్ చివర్లో.

ఆథర్ల పేర్ల గురించి మాత్రం ఆలస్యం చేయొద్దు. మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ ప్రకారం ఆథర్ కావాలంటే పనిలో గట్టి భాగం, రాయడంలో లేదా సరిదిద్దడంలో భాగం, చివరి ప్రతికి అంగీకారం, తర్వాత వచ్చే ప్రశ్నలకు బాధ్యత, ఈ నాలుగూ ఉండాలి. ఏఐ టూల్‌ని ఆథర్‌గా వేయకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి. ప్లాస్మిడ్ ఇచ్చినవాళ్లకు, మీడియా చేసిపెట్టినవాళ్లకు కృతజ్ఞతలు పేరు పేరునా చెప్పాలి. మా పీహెచ్‌డీ అమ్మాయి పేరు ముందుంటుందని ప్రయోగాలు నడుస్తుండగానే అందరికీ చెప్పేశాం, తనకి ఆ టెన్షన్ లేకుండా పోయింది.

జర్నల్ ఎంపికకు మా రిఫరెన్స్ లిస్ట్ చూసుకుంటే చాలు, మేం ఎక్కువగా చదివేది ఎక్కడో అక్కడికే. ఒకసారి ఒక జర్నల్‌కే పంపాలి. ప్రీప్రింట్ (సమీక్షకు ముందటి ప్రతి) బయోఆర్కైవ్ సైట్‌లో పెడుతున్నాం, ఈ జర్నల్ ఒప్పుకుంటుందని ముందే చూశాం. కవర్ లెటర్ ఒక్క పేజీ, ప్రశ్న ఏంటి, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు కావాలి.

సైట్‌లో ఫైళ్లన్నీ ఎక్కించాక అది ఒక పీడీఎఫ్ కట్టి ఇస్తుంది. ఒప్పుకునే బటన్ నొక్కేముందు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలి. మాకు మ్యూటెంట్ల పేర్లలో డెల్టా గుర్తు (జన్యువు తీసేశామని చెప్పేది) ఉన్న చోటల్లా ఖాళీ డబ్బా వచ్చింది, ఆ గుర్తు లేకపోతే మ్యూటెంట్ ఏదో వైల్డ్ టైప్ (మార్పు చేయని ఈస్ట్) ఏదో తెలియదు. ఫాంట్ మార్చి మళ్లీ ఎక్కించాం. ఇంకా ఫిగర్ 4 స్కేల్ బార్ ఒకసారి సరిచూడాలి, అసలు బ్లాట్ల ఫైళ్లకు ఫిగర్ నంబర్లతో పేర్లు పెట్టాలి. ఆ రెండూ అయ్యాక సబ్‌మిట్ ఆ అమ్మాయే నొక్కుతానంది.